నాలుగో పేజీలో ముసలాయన కుర్చీలోంచి లేవడం లేదు

హిందూపురం బస్సు · శనివారం, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. కథలు రాసేవాళ్ళ ఈ ఫోరంకి వచ్చి చదువుకుని వెళ్ళిపోయే రకాన్ని. ఈ రోజు అడక్క తప్పడం లేదు.

నేనుండేది బెంగళూరులో, కుందలహళ్ళి వైపు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఇప్పటిదాకా 11 కథలు రాశాను, 3 అచ్చయ్యాయి. గత 14 నెలల్లో ఒక్కటీ పూర్తి కాలేదు. ఉగాది పోటీకని మొదలుపెట్టిన కథ ఉగాది దాటింది, వినాయక చవితి దాటింది, ఇప్పుడు దీపావళి పోటీ గడువు కూడా దగ్గరికొచ్చేసింది.

కథ ఇదీ. పొలం అమ్మేసిన ఒక పెద్దాయన్ని కొడుకు బెంగళూరు ఫ్లాటుకి తెచ్చుకుంటాడు. ఆయనకి నాలుగు గోడల మధ్య ఊపిరాడదు. పొద్దున్నే కిందికి దిగి గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాడు. మూడు పేజీలు సాఫీగా నడిచింది. నాలుగో పేజీ నుంచి ఆయన ఆ కుర్చీలోంచి లేవడం లేదు. తొమ్మిది ఎత్తుగడలు మార్చాను. కొడుకు చెబుతున్నట్టు రాశాను, కోడలు చెబుతున్నట్టు రాశాను, ఒక రాత్రి కుర్చీ చెబుతున్నట్టు కూడా రాశాను. నవ్వకండి.

పోయిన ఆదివారం కబ్బన్ పార్కుకి వెళ్ళి చెట్టు కింద కూర్చున్నా. స్ఫూర్తి రాలేదు, చీమలొచ్చాయి. మీరంతా ఇలాంటప్పుడు ఏం చేస్తారు?

సిల్క్‌బోర్డు సన్యాసి · ఆదివారం, రాత్రి 12:20

14 నెలలంటే నా సిల్క్‌బోర్డు సిగ్నల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్న రికార్డుకి దగ్గర్లో ఉన్నావు అన్నా.

కొంచెం కటువుగా చెబుతా, ఏమీ అనుకోవద్దు. రైటర్స్ బ్లాక్, అంటే రాత ఆగిపోయే జబ్బు, అనేదే లేదు. మా వీధి మొదట్లో ఇడ్లీ బండి పెట్టే ఆవిడ ఉంది. ఏనాడైనా "ఈ రోజు నాకు ఇడ్లీ రావట్లేదు" అందా? కూర్చుని రాయాలి, అంతే. చెట్టు కిందికి వెళ్ళింది రాయడానికి కాదు, రాయకుండా ఉండటానికి ఒక మంచి చోటు దొరుకుతుందని.

జయనగర్ పిన్ని · ఆదివారం, ఉదయం 6:45

సన్యాసీ, నువ్వెప్పుడైనా బెంగళూరు చలికాలంలో ఇడ్లీ పిండి పులియబెట్టావా నాయనా? డిసెంబరులో రాత్రంతా బయట పెట్టినా పిండి రాయిలా అలాగే ఉంటుంది. ఆ బండి ఆవిడ గిన్నెకి దుప్పటి కప్పి, పొయ్యి పక్కన పెట్టి, నానా తంటాలు పడితే నీకు పొద్దున ఇడ్లీ వస్తోంది. పులవని పిండి ఉంటుంది. దాని తంటా దానికుంటుంది.

మా అమ్మ పోయాక రెండేళ్ళు నేను ఒక్క పేజీ రాయలేదు. బద్ధకం అన్నారు, టీవీ ఎక్కువైంది అన్నారు. నాకు నిద్ర లేదు, ఆకలి లేదు, ఫోను మోగితే గుండె దడ. కథ రాయలేకపోవడం అందులో అన్నిటికన్నా చిన్న ముక్క. చివరికి మా అమ్మాయి మానసిక వైద్యం చేసే నిమ్‌హాన్స్‌కి తీసుకెళ్ళింది. మందులు వాడాను, మాట్లాడాను, ఎనిమిది నెలలు పట్టింది.

బస్సు బాబూ, నీకు రాత ఒక్కటే ఆగిందా, మిగతావి కూడా ఆగాయా? ఆ రెంటికీ వైద్యం వేరు. రెండోదైతే కథ చిట్కాలు ఏవీ పనిచెయ్యవు. టెలీ మానస్ అని మనసు బాగాలేనప్పుడు ఫోను చెయ్యడానికి 14416 నంబరు ఉంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

హిందూపురం బస్సు · ఆదివారం, ఉదయం 8:10

లేదు పిన్నీ, తిండి నిద్ర బాగానే ఉన్నాయి, కొంచెం ఎక్కువే ఉన్నాయి. ఆఫీసు పని కూడా నడుస్తోంది. ఈ ముసలాయన ఒక్కడే. మీరు అడిగినందుకు థ్యాంక్స్.

సిల్క్‌బోర్డు సన్యాసి · ఆదివారం, ఉదయం 8:32

పిన్నీ, నా మాట వెనక్కి తీసుకుంటున్నా. పిండి సంగతి నిజంగా తెలీదు.

అరఠావు · ఆదివారం, ఉదయం 10:05

నా వయసు 71. దూరవాణినగర్ దగ్గర ఒక ప్రభుత్వ కర్మాగారంలో 34 ఏళ్ళు షిఫ్టులు చేసి రిటైరయ్యాను. నా పేరు ఇప్పటి పిల్లలకి అర్థం కాదని తెలుసు. అప్పట్లో పత్రికలకి కథ పంపాలంటే అరఠావుల్లో, అంటే ఠావులో సగం కాగితాల్లో, ఒకవైపే, మార్జిను వదిలి రాయాలి. తిరుగు టపాకి మన చిరునామా రాసి స్టాంపు అంటించిన కవరు జతచెయ్యాలి. ఆ కవరు గేటు దగ్గర కనిపిస్తే చాలు, తెరవక్కర్లేదు, కథ తిరిగొచ్చిందన్నమాట. మా పోస్ట్‌మ్యాన్‌కి నా సాహిత్య జీవితం నాకన్నా బాగా తెలుసు.

ఇంగ్లీషు నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ కూడా పోస్టాఫీసు ఉద్యోగే. రోజూ తెల్లవారి అయిదున్నరకల్లా బల్ల ముందు కూర్చునేవాడట. వాచీ ఎదురుగా పెట్టుకుని పావుగంటకి 250 మాటలు. తనని లేపినందుకు పనివాడికి ఏడాదికి 5 పౌన్లు అదనంగా ఇచ్చేవాడు. అలా 47 నవలలు రాశాడు. అది చదివి నేనూ అలారం పెట్టాను. మొదటి పావుగంటలో నాలుగు లైన్లు వచ్చాయి, అందులో ఒకటి పక్కింటాయన దగ్గు గురించి. మూడో రోజుకి మా ఆవిడ అలారం గడియారాన్ని బియ్యం డబ్బాలో పెట్టేసింది.

అమెరికన్ రచయిత హెమింగ్వే పద్ధతి మాత్రం నాకు పనికొచ్చింది. తర్వాత ఏం జరుగుతుందో తెలిసిన చోటనే ఆ రోజుకి ఆపెయ్యాలి అంటాడాయన. మొత్తం తోడేసుకుని లేస్తే మర్నాడు ఎండిన బావి దగ్గరికి రావాలి. నేను దాన్ని ఇంకాస్త ముందుకు తీసుకెళ్ళి వాక్యం మధ్యలోనే ఆపాను ఒకసారి. "ఆమె తలుపు తీసి" అని రాసి పడుకున్నాను. పొద్దున్నే లేస్తే ఆమె ఎందుకు తలుపు తీసిందో గుర్తు రాలేదు. ఆ కథ ఇప్పటికీ అక్కడే ఉంది. కాబట్టి వాక్యం పూర్తి చేసి ఆపండి.

బగ్‌రిపోర్ట్ · ఆదివారం, మధ్యాహ్నం 1:15

అన్నా, మనం ఒకే ఇండస్ట్రీ. నేను చేసిన తప్పు చెబుతా, మీరు చెయ్యకండి. మీ కథ సంగతి ఒక చాట్‌బాట్‌కి ఇచ్చి పది ముగింపులు అడిగాను. ఇచ్చింది. పదింట్లోనూ ముసలాయన మొక్క నాటాడు. ఆరింట్లో వాచ్‌మన్ కొడుక్కి చదువు చెప్పాడు. అన్నింట్లోనూ కొడుకు కళ్ళు చెమర్చాయి.

నాకు పనికొచ్చేది మెట్రో. 2023 అక్టోబరులో పర్పుల్ లైన్ మొత్తం తెరిచాక, ఆదివారం కాడుగోడిలో ఎక్కి చల్లఘట్ట దాకా వెళ్ళి అదే రైల్లో వెనక్కి వస్తా. ఒకవైపు 43 కిలోమీటర్లు. వెళ్ళేటప్పుడు ఫోన్లో రాస్తాను, వచ్చేటప్పుడు కొట్టేస్తాను. బల్ల ముందు కూర్చుంటే "కథ రాస్తున్నా" అన్న టెన్షన్ ఉంటుంది. మెట్రోలో అది ఉండదు, మెజెస్టిక్‌లో సీటు పోతుందేమో అన్న టెన్షనే ఉంటుంది. అది చాలా చిన్నది.

కోలారు మనవరాలు · ఆదివారం, మధ్యాహ్నం 3:40

అందరూ ఎక్కడ కూర్చోవాలో, ఎన్నింటికి లేవాలో చెబుతున్నారు. కథ గురించి ఎవరూ అడగలేదు.

బస్సు అన్నా, ఆ పెద్దాయన గేటు దగ్గర పొద్దున 11 గంటలకి ఏం చేస్తుంటాడు? "ఊరు గుర్తు చేసుకుంటాడు" అనొద్దు. అది చెయ్యడం కాదు. చేతులు ఏం చేస్తున్నాయి? కళ్ళు ఎటు చూస్తున్నాయి? ఎవరితో మాట్లాడుతున్నాడు?

హిందూపురం బస్సు · ఆదివారం, సాయంత్రం 5:02

ఎవరితోనూ మాట్లాడడు. అదే కదా ఆయన ఒంటరితనం.

నిజం చెప్పాలంటే మొదటి డ్రాఫ్టులో మాట్లాడాడు. సెక్యూరిటీ అబ్బాయిది అస్సాం, వాడిది విరిగిన హిందీ. పాలవాడిది కన్నడ. పనమ్మాయిది తమిళం కలిసిన కన్నడ. రాసి చూసుకుంటే అది తెలుగు కథలా లేదు. "తెలుగు పత్రికకి పంపే కథలో ఇన్ని భాషలా" అని వాళ్ళందరినీ తీసేశాను. ఆయన మాత్రం మిగిలాడు.

కోలారు మనవరాలు · ఆదివారం, సాయంత్రం 5:11

మనుషులందర్నీ గేటు బయటికి పంపించేసి, ముసలాయన లేవడం లేదు అంటున్నావు. ఎవరి కోసం లేవాలి అన్నా ఆయన?

జయనగర్ పిన్ని · ఆదివారం, సాయంత్రం 5:30

చప్పట్లు.

అరఠావు · ఆదివారం, రాత్రి 7:48

ఈ భాష భయం పాత జబ్బు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రమంతా దీని గురించే. మనుషులు మాట్లాడే తెలుగు కాగితం మీదికి రావాలా వద్దా అని. గిడుగు ఆ పని మీదే జీవితమంతా పెట్టాడు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని దండలు వేస్తాం, సెప్టెంబరులో కథ రాసేటప్పుడు మళ్ళీ "ఇది తెలుగులా లేదే" అని భయపడతాం.

మా ఫ్యాక్టరీలో ఒక బెంచి మీద అయిదు భాషలు టిఫిన్ తినేవి. ఆ బెంచి గురించి నేను ఒక్క కథా రాయలేదు. గోదావరి గట్టు గురించి 19 రాశాను. నేను పుట్టింది మదనపల్లెలో. గోదావరిని మొదటిసారి చూసింది 46వ ఏట, రైలు కిటికీలోంచి.

సిల్క్‌బోర్డు సన్యాసి · ఆదివారం, రాత్రి 8:05

సార్, ఈ ముక్కే ఒక కథ.

అరఠావు · ఆదివారం, రాత్రి 8:20

వాడుకోవయ్యా. తిరుగు కవరు మాత్రం నాది కాదు.

బగ్‌రిపోర్ట్ · ఆదివారం, రాత్రి 9:10

కానీ ఎడిటర్లు ఒప్పుకుంటారా? కన్నడ మాటలు, హిందీ మాటలు నిండా ఉంటే పాఠకుడికి అర్థం కావాలి కదా. నా కథ ఒకటి "భాష సరళంగా లేదు" అని తిరిగొచ్చింది. అసలు కారణం ఫాంటేమో అని ఇప్పటికీ నా అనుమానం. వాళ్ళు అడిగింది అను ఫాంటులో, నేను పంపింది యూనికోడ్‌లో.

కోలారు మనవరాలు · ఆదివారం, రాత్రి 10:33

నిండా అక్కర్లేదు. ఉప్పు ఎంత వేస్తామో అంత. సెక్యూరిటీ అబ్బాయి హిందీ పెద్దాయనకీ అర్థం కాదు. కాబట్టి పాఠకుడికీ సగమే అర్థమైతే తప్పేముంది? ఆయన చెవితో వినిపించు. ఆయనకి తెలిసింది రాయి, తెలియనిది చేతుల సైగగా రాయి.

ఇంకో మాట. నీ కథలో అందరూ వేరే భాషవాళ్ళే ఎందుకయ్యారు? మాది మాలూరు దగ్గర పల్లె. మొరసునాడు అంటారు, కోలారు, హోసూరు, బెంగళూరు చుట్టుపక్కలంతా. మా ఇంట్లో తెలుగే, బడిలో మాత్రం కన్నడ. తెలుగు అక్షరాలు నేను 22 ఏళ్ళప్పుడు నేర్చుకున్నా. మా మామలు, అన్నలు బెంగళూరులో ఏం చేస్తారనుకున్నావు? పూల మార్కెట్‌కి బండ్లు తోలతారు, కూరగాయలు తెస్తారు, నీళ్ళ ట్యాంకర్లు నడుపుతారు. గేటు ముందు హారన్ కొట్టి "నీళ్ళొచ్చిండాది, గేటు తీయప్పా" అనేది మావాళ్ళే. మీ ఫ్లాటులవాళ్ళు కన్నడలో జవాబు చెబుతారు, మేమూ కన్నడలోనే ఊరుకుంటాం.

హిందూపురం బస్సు · ఆదివారం, రాత్రి 11:40

పడుకోబోతూ ఇది చదివి లేచి కూర్చున్నా.

అక్కా, ఒకటి చెప్పాలి. ఆ పెద్దాయన మా నాన్నే. 2024 మార్చిలో, బెంగళూరులో నీళ్ళకి అల్లాడినప్పుడు, మా దగ్గరికొచ్చి 19 రోజులున్నాడు. మా అపార్ట్‌మెంటు బోరు ఎండిపోయింది. రోజంతా ట్యాంకర్లే. నాన్న అనంతపురం జిల్లా రైతు, జీవితంలో ఏడు బోర్లు వేయించాడు, అయిదింట్లో దుమ్మే వచ్చింది. చెనక్కాయ మూటలు తూకం వేసేటప్పుడు లెక్క తప్పకుండా గులకరాళ్ళు ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మార్చేవాడు. ఇక్కడ గేటు దగ్గర కూర్చుని ట్యాంకరుకో రాయి మార్చేవాడు. నాకు చిన్నతనంగా ఉండేది. "నాన్నా, రిజిస్టరులో రాస్తారు, నువ్వెందుకు" అన్నా ఒకరోజు. ఏమీ అనలేదు. నాలుగు రోజుల తర్వాత ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళిపోయాడు.

రాళ్ళ సంగతి కథలో పెట్టాలని ఇన్నాళ్ళూ తోచనే లేదు. నాకు అది కథలా కనిపించలేదు, నాన్న అలవాటులా కనిపించింది.

జయనగర్ పిన్ని · సోమవారం, ఉదయం 6:20

నిజంలో లేచి వెళ్ళిపోయాడని కథలో ఆయన్ని లేవనివ్వడం లేదేమో బాబూ నువ్వు.

హిందూపురం బస్సు · సోమవారం, ఉదయం 9:15

అంత లోతు లేదు పిన్నీ. నిజంగానే ఏం రాయాలో తెలియలేదు.

సిల్క్‌బోర్డు సన్యాసి · సోమవారం, మధ్యాహ్నం 12:50

అయితే కథ తేలిపోయింది. రిజిస్టరులో తొమ్మిది ట్యాంకర్లు, పెద్దాయన జేబులో ఎనిమిది రాళ్ళు. అసోసియేషన్ సెక్రటరీ దొంగ. మీటింగులో పెద్దాయన లేచి రాళ్ళు బల్ల మీద పోస్తాడు. కొసమెరుపు. మొదటి బహుమతి.

బగ్‌రిపోర్ట్ · సోమవారం, మధ్యాహ్నం 1:22

లెక్క కావాలంటే: 2024 మార్చిలో జిల్లా యంత్రాంగం ట్యాంకరు ధరలు కట్టేసింది. 5 కిలోమీటర్లలోపు 6,000 లీటర్లకి 600, 8,000కి 700, 12,000కి 1,000 రూపాయలు. అయిదు దాటి పది లోపు అయితే 750, 850, 1,200. జీఎస్టీ వేరే. అంటే ఒక పెద్ద ట్యాంకరు దొంగలెక్క రాస్తే రోజుకి మిగిలేది వెయ్యి, పన్నెండొందలు. విలన్ కావడానికి అది తక్కువ, కక్కుర్తి పడటానికి సరిపోతుంది.

జయనగర్ పిన్ని · సోమవారం, మధ్యాహ్నం 2:40

సన్యాసీ, నీ మీటింగు సీను సినిమాకి పనికొస్తుంది. సెక్రటరీ దొంగ అని మొదటి పేజీలోనే పాఠకుడికి తెలిసిపోతుంది. అపార్ట్‌మెంట్లలో ఉన్నవాడెవడికైనా తెలుస్తుంది.

ఆ రాని తొమ్మిదో ట్యాంకరు రసీదు మీద సంతకం ఎవరిది? డ్రైవరుది. ఆ గేటు దగ్గర పెద్దాయనతో తెలుగులో మాట్లాడే ఒకే ఒక్క మనిషి ఎవరు?

కోలారు మనవరాలు · సోమవారం, మధ్యాహ్నం 2:44

అయ్యో పిన్నీ.

సిల్క్‌బోర్డు సన్యాసి · సోమవారం, మధ్యాహ్నం 2:51

నేనిక మాట్లాడను. ఇడ్లీలు తినడానికే పనికొస్తాను.

అరఠావు · సోమవారం, సాయంత్రం 4:30

డ్రైవరు పాపం మంచివాడేమీ కానక్కర్లేదు. చెడ్డవాడూ కానక్కర్లేదు. రసీదుకి వంద రూపాయలు ఇస్తే సంతకం పెట్టే మనిషి. ఇంటి దగ్గర ఆయన బోరూ ఎండిపోయి ఉండొచ్చు. అందుకే కదా పొలం వదిలి స్టీరింగు పట్టుకున్నది.

కోలారు మనవరాలు · సోమవారం, సాయంత్రం 5:05

సార్ చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. మా చిన్నమామది అదే కథ. అన్నా, మాటలు రాశాక నాకొకసారి చూపించు. మా యాస తప్పు రాస్తే ఊరుకోను.

హిందూపురం బస్సు · బుధవారం, రాత్రి 12:35

రెండు రోజులు ఇటు రాలేదు, రాస్తూ ఉన్నా. ఏడు పేజీలయింది. కొడుకు, కోడలు ఇద్దరూ ఒకే పేరాలోకి కుదించుకుపోయారు. అస్సాం అబ్బాయి వెనక్కి వచ్చాడు. అక్కా, ఇక్కడ యాస చూడండి:

"ఎన్నడుగులు ఏసినారప్పా మీ బోరు?"

"పన్నెండు నూర్లు సామీ."

"నీళ్ళెంత పడినాయి?"

"ఒకటిన్నర ఇంచి. రెండేండ్లు తోలె. ఆమీట గాలి."

పెద్దాయన కుర్చీ పక్కకి జరిపి, గోడకి ఆనించి ఉన్న రెండో కుర్చీ తెచ్చి వేశాడు.

ఆయన మొదటిసారి లేచింది ఇక్కడ. నేను లేపలేదు, డ్రైవరు నిలబడి ఉన్నాడని లేచాడు. ఇది రాసినప్పుడు నిన్న రాత్రి ఒంటిగంట, మా ఆవిడని లేపి చెప్పాను. "మంచిది, పడుకో" అంది.

కోలారు మనవరాలు · బుధవారం, ఉదయం 7:12

యాస బాగుండాది అన్నా. "తోలె" దగ్గర మాత్రం మావాళ్ళు "పారె" అంటారు. నీళ్ళు పారతాయి, బండి తోలతాం.

హిందూపురం బస్సు · గురువారం, రాత్రి 11:58

మార్చాను అక్కా.

ఈ రోజు చివరి సన్నివేశం మొదలుపెట్టా. సాయంత్రం ఆరయింది. అస్సాం అబ్బాయి రిజిస్టరులో తొమ్మిది గీతలు గీశాడు. డ్రైవరు రెండో కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు, పెద్దాయన వైపు చూడటం లేదు. కుడి జేబులో ఎనిమిది రాళ్ళున్నాయి. తొమ్మిదోది పెద్దాయన పిడికిట్లో ఉంది.

తర్వాత ఏం జరుగుతుందో నాకు తెలుసు. అరఠావు గారి మాట విని ఇక్కడే ఆపి పడుకుంటున్నా.

అరఠావు · శుక్రవారం, ఉదయం 5:40

వాక్యం పూర్తి చేసే ఆపావు కదా నాయనా?